గుంటూరు మిరపకాయకు పరీక్ష

మాఘ ఫాల్గుణ మాసాలలో గుంటూరు నుంచి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు వెళ్ళేవారికి కన్నులపండుగగా ఉంటుంది. నల్లరేగడి చేలలో అక్కడక్కడ పత్తి తెల్లగా విచ్చి కనబడుతుంది. కళ్ళాలలో మిరపపండ్లు ఎర్ర తివాచీ పరచినట్టు ఆరుతూ ఉంటవి. ఆ కాయలు బస్తాలకెక్కి గుంటూరు మిర్చియార్డు చేరుతవి. ఆసియాలో ఇంత పెద్ద మిరప బజారు మరొకటి లేదంటారు. లోపల అడుగు పెట్టగానే తుమ్ములే తుమ్ములు!

పూర్వం చేలలో కూలీలు వరసగా కూర్చుని గరిక, తుంగ ఏరేవారు. ఇప్పుడు కూలి గిట్టక చాలామంది కలుపుమందు చల్లుతున్నారు. అందులో కొంత ఎండకూ, సూక్ష్మజీవులకూ విరిగిపోతుంది. కొంత నేలలో, నీటిలో, కాయలో మిగిలిపోవచ్చు. అది కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. మరి పట్టుకోవడం ఎలా?

మందుల అవశేషాలు పరీక్షించేందుకు గుంటూరులోనే స్పైసెస్ బోర్డు వారి పరీక్షాశాల ఉన్నది. ఇలాంటి చోట్ల ఏం చేస్తారో చూడండి. చాలా బస్తాల నుంచి కాయలు తీసి, కలిపి, పొడి చేస్తారు. పొడిని ద్రావకంలో వేసి కుదుపుతారు. మందు అందులోకి దిగుతుంది. కాని మిరప సామాన్యమైనదా? దాని ఎరుపూ, నూనే కూడా వెంటబడి వస్తవి! వాటిని తొలగించడమే పెద్ద శ్రమ.

తరువాత ఆ ద్రవాన్ని సన్నని గొట్టం గుండా పంపుతారు. కోటప్పకొండ తిరనాళ్ళకు కలిసి బయలుదేరినా గుర్రబ్బండి ముందు, ఎద్దుబండి వెనక చేరినట్టు, ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క వేళకు చివరకు చేరుతుంది. అక్కడ ఒక యంత్రం అణువులను తూచి ఏ మందో, ఎంతో చెబుతుంది. ఆకుల రంగులను సుద్దపొడి గుండా పంపి ఇలా విడదీసిన రష్యా శాస్త్రజ్ఞుడు త్స్వెట్, 1906లో ఈ పద్ధతికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. గ్లైఫోసేట్ అనే కలుపుమందు నీటిలోనే బాగా కరుగుతుంది గనుక దానికి వేరే పరీక్ష చేయాలి.

యూరప్ దేశాలలో, వేరుగా హద్దు పెట్టని మందు కిలో ఆహారంలో 0.01 మిల్లీగ్రాము మించరాదు. అంటే 40 కిలోల బస్తాలు 2,500 పేర్చి, వాటన్నిటిలో ఒక్క గ్రాము వెతికినట్టు!

ఎగుమతికి అనేకమంది రైతుల కాయలు ఒకటిగా కలుస్తవి. ఒకరి తొందరపాటుతో అందరి సరుకూ తిరిగి రావచ్చు. కనుక పిల్లలూ, మీది సేద్యం చేసే ఇల్లయితే నాన్నగారిని అడగండి: ఇది ఈ పైరుకు చల్లవలసిన మందేనా? చల్లిన ఎన్నాళ్ళకు కోయాలి? ఖాళీ డబ్బాలను కాలువలో కడగనివ్వకండి, వాటిలో మంచినీళ్ళు పోయనివ్వకండి. యంత్రం కాయలో ఉన్న మందును చూపగలదే గాని, తీసివేయలేదు.