చిన్న ముద్ద

మా బేతంచెర్లలో ఏ ఇంట్లో చూసినా నేలకు మా ఊరి బండే. ఎండాకాలం మధ్యాహ్నాలు పిల్లలిద్దరూ చాప వద్దని ఆ చల్లటి బండ మీదే బోర్లా పడుకుంటారు. వాళ్ల నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీ నుంచి ఒంటినిండా రాతిపొడితో అన్నానికి వస్తాడు.

సంగటి చేసేరోజు మాత్రం ఇద్దరూ పొయ్యి దగ్గరికే చేరతారు. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, మూతపెట్టి, మంట తగ్గించి ఆగాలి. మొదట్లో ఆ ఆగడమే నాకు చేతకాలేదు. పెద్దోడు ఆకలని ఏడుస్తుంటే తొందరపడి కెలికేదాన్ని. ముద్దనిండా పచ్చిపిండి ఉండలు. "పిండిని ఆవిరికి మగ్గనీమ్మా" అంటూ మా అత్త నా చేతిలోంచి తెడ్డు తీసుకుంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది. మా పాపకు అవేవీ పట్టవు. చెయ్యి తడుపుకొని నిమ్మకాయంత ముద్ద తనే చేసుకోవాలి, నడుమ వేలితో గుంట పెట్టాలి. గుంటలో నెయ్యి, పక్కన చెనిక్కాయల ఊరిబిండి. కారం తగిలితే నాలుక బయటపెట్టి, నీళ్లు తాగి, మళ్లీ అద్దుకుంటుంది.

నిన్న తన ముద్దలో సగం తుంచి అవ్వ నోట్లో పెట్టింది. "ఉండల్లేవు కదా అవ్వా?" అని అడిగింది.