హంతకుని తల్లి

దుర్మార్గుడు పుట్టుకతోనే దుర్మార్గుడా, పెంపకమువలన నట్లగునా యని మన పెద్దలు తర్కించినది చాలదని కాబోలు, నేటి టెలివిజను ధారావాహికలు కూడ నా తర్కములోనికి దిగినవి. ఒకప్పుడు భయానక చిత్రములో హంతకుడు వచ్చెడివాడు, చంపెడివాడు, పోయెడివాడు. ఇప్పుడు వాని బాల్యమును, వాని తల్లి వంటయింటిని కూడ మనకు చూపుచున్నారు. అట్టివానిలో నేను ఆసాంతము చూచినది ‘బేట్స్ మోటెల్’ ఒక్కటియే. 2013 మొదలు 2017 వఱకు 50 ప్రకరణములుగా వెలువడిన యీ యమెరికా కథ, 1960లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ చిత్రమునకు పూర్వకథ.

ఆ చిత్రమును చూడనివారికి రెండు మాటలు చెప్పవలెను. నార్మన్ బేట్స్ అను యువకుడు దారిప్రక్క నొక బసను నడుపుచుండును. వెనుక గుట్టపైనున్న యింటిలో తల్లి యున్నదని చెప్పును. ఆమె కేకలు మనకును వినవచ్చును. తుదకు తేలునదేమన, తల్లి చచ్చి 10 ఏండ్లైనది; ఆమెను విషమిచ్చి చంపినవాడు కుమారుడే; ఆమె దుస్తులు తొడిగి, ఆమె గొంతుతో మాటలాడి, పరులను చంపుచున్నవాడును వాడే. చివర నొక మానసిక వైద్యుడు వచ్చి, ఆ తల్లి కొడుకును విడువక పట్టుకొని పీడించినదని కారణము చెప్పును. ఆ వైద్యునికీ సంగతి తెలిపినదెవరు? కొడుకులో మాటలాడు తల్లి గొంతు! అనగా చచ్చిన స్త్రీపై మోపిన నేరమునకు ఆమెను చంపినవాడే సాక్షి. ఇట్టి సాక్ష్యమును ఏ న్యాయస్థానమును గైకొనదు. ప్రేక్షకులు మాత్రము 60 ఏండ్లకు పైగా గైకొనుచున్నారు. నేనును గైకొంటిని.

ధారావాహిక యీ స్త్రీకి ప్రాణము పోసినది. నార్మా యను నీమె పాత్రను వెరా ఫార్మిగా ధరించెను. చిన్ననాడు అన్నచేతనే చెఱుపబడినది. భర్తచే దెబ్బలు తిన్నది. భర్త పోయిన పిదప ఆరెగాన్ తీరమున బసను కొని, క్రొత్తగా బ్రదుకవచ్చిన తొలిదినములలోనే, ఆ స్థలమును పోగొట్టుకొన్న పూర్వపు యజమాని చొరబడి బలాత్కరించెను. ఆమె వానిని పొడిచి చంపెను. పోలీసులకు చెప్పలేదు, చెప్పినచో అట్టి బసలో గది యద్దెకు పుచ్చుకొనువా రెవరని యామె భయము. తన గాయమునకంటె తన దుకాణమును గూర్చి ముందు తలంపవలసివచ్చిన స్త్రీ! నాలుగవ భాగము చివర, కొడుకు యింటిలో నింపిన విషవాయువుచే నామె నిద్రలోనే పోవును. అప్పుడు నాకు కలిగిన దుఃఖము నార్మన్ కొఱకు కాదు.

మఱి వానిని గూర్చి చెప్పబూనిన కారణము కుదిరినదా? కుదురలేదనియే నా యభిప్రాయము. నార్మాకు తప్పులు లేవని కాదు. ఎదిగిన కొడుకును ప్రక్కలో పరుండబెట్టుకొనును. వాని స్నేహితురాండ్రను చూచి కుములును. కాని కథలోనే, నార్మన్ తెలివితప్పిన మూర్ఛావస్థలో తండ్రిని చంపెనని చెప్పిరి. అది వ్యాధియైనచో తల్లిపై నింద యేల? పెంపకమే కారణమైనచో డిలన్ మాట యేమి? అన్న యత్యాచారమువలన నార్మాకు పుట్టిన పెద్దకొడుకు డిలన్. వానికి తల్లి ప్రేమ సరిగా దొరకలేదు. గంజాయి వ్యాపారములోనికి కూడ దిగెను. అయినను తుదకు మంచి భర్తయై, తండ్రియై నిలిచెను. మితిమీరి ప్రేమింపబడినవాడు చెడెను, ప్రేమ దొరకనివాడు బాగుపడెనందురా? అట్లయిన తల్లులు బిడ్డలనెంత ప్రేమింపవలెనో తులములతో తూచి చెప్పువారెవరు? (నరమాంసభక్షకుడైన హన్నిబల్ లెక్టర్‌కు కూడ 2007లో ఒక చిత్రము బాల్యమును కట్టియిచ్చినది. యుద్ధకాలమున దుండగులు వాని చెల్లెలిని తినివేసిరట. చెల్లెండ్రను పోగొట్టుకొన్న యన్నలెల్లరును మనుష్యులను తినుచున్నారా?) హంతకుని వివరింప బయలుదేరి, వారు వాని తల్లిని వివరించిరి. ఆ పని మాత్రము చక్కగా చేసిరి.

ఇంతగా నేనీ విషయమును పట్టుకొనుటకు వేఱొక హేతువు కలదు. మా వీథిలో నొక యామె కడపటి కొడుకు హత్య చేసి చెఱసాలకు పోయెను. ‘పెంపక మట్టిది’ అని వీథియంతయు ననెను. నేనును అంటిని, ఒకసారి కాదు. నాటినుండి యామె కూరగాయల బండియొద్దకు అందఱును పోయిన తరువాత, వాడిన కూరలు మిగిలిన వేళకు వచ్చెడిది. ఆమెకు మఱి యిరువురు బిడ్డలు: పెద్దవాడు బడిపంతులు, కూతురు ఆస్పత్రిలో నర్సు. వారిని పెంచినదియు ఈ చేతులే గదా! ఆ మాట వీథిలో నెవ్వరి నోటను వినలేదు.

చివరి ప్రకరణమును చూచిన మఱునాడు నేనును ఆలస్యముగా బండియొద్దకు పోయితిని. “పిన్నిగారూ, మీ పంతులబ్బాయి ఏ ఊళ్లో పనిచేస్తున్నాడండీ?” అని యడిగితిని. ఆమె చాలసేపు నా ముఖమువంకనే చూచి, తరువాత ఆ యూరి పేరు చెప్పెను.