ఏ సంఘం మనిషిని?

కురబలకోట దగ్గర మా మాలపల్లెలో సంఘం అంటే చర్చి. "సంఘానికి వస్తివా?" అంటే ఆదివారం ఆరాధనకు వచ్చావా అని. కాలేజీ రోజుల్లో దేవుడు లేడని నాకు తోచింది. ఆరాధనకు పోవడం మానేశాను. దేవుడు లేకుండా పోయినందుకు ఎప్పుడూ బాధపడలేదు. సంఘం కూడా లేకుండా పోయిందన్న సంగతి నాయన చనిపోయిన రోజు తెలిసింది.

అది 2016. తెల్లారేసరికి చర్చి ఆడవాళ్లు వచ్చేశారు. ఒకామె అమ్మను తన ఒంటికి ఆనించుకుని కూర్చుంది. ఇద్దరు పొయ్యి రాజేశారు. మగవాళ్లు గుంత తవ్వడానికి పోయారు. రాత్రంతా పాటలు. నేను పాడలేదు, తలమీద కొంగు కప్పుకోలేదు. ఎవరూ ఏమీ అనలేదు. వాళ్లు వండిన అన్నమే తిన్నాను. మూడో రోజు ఒక పెద్దమ్మ నా పక్కన చెనక్కాయలు ఒలుస్తూ, "మీ నాయన్ను మేమంతా మోసినాం. రేపు నిన్నెవరు మోస్తారు మే?" అనింది. దెప్పడం కాదు, ఒంటరిదాన్నని నిజంగానే దిగులు పడింది. ఇరవై ఏళ్లుగా నాస్తికత్వం మీద చదివిన పుస్తకాల్లో ఆ ప్రశ్నకు జవాబు నాకు కనిపించలేదు.

హేతువాద సభలకు వెళ్లకపోలేదు. నోట్లో కర్పూరం వెలిగించుకునే బాబాల గుట్టు విప్పి చూపించేవాళ్లు, బాగుండేది. వేదిక మీద మగవాళ్లు, వడ్డనల దగ్గర వాళ్ల భార్యలు. నన్ను "మన దళిత సోదరి" అని పరిచయం చేసి, దళిత స్త్రీలలో మూఢనమ్మకాల గురించి మాట్లాడమనేవాళ్లు. వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లు ఏ కులంలో జరిగాయో మాట్లాడమని ఎవరూ అడగలేదు. ఒకసారి ఒకాయన, పాలపొడి కోసం మతం మారినవాళ్లని నవ్వాడు. మా అవ్వ మారింది పాలపొడికి కాదు. 1915లో మొదలైన ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రిలో ఆమె నెలల తరబడి పడుకుంది. అక్కడి నర్సులు ఆమె ఒళ్లు తుడిచారు. ఊళ్లో ఎవరూ ముట్టుకోని ఒళ్లు అది. ఈ మాట ఆ సభలో చెప్పలేక లేచి వచ్చేశాను.

నాస్తికులంతా ఇంతేనని అనను. గోరా కూతురు మనోరమ 1948లో సేవాగ్రాంలో దళితుడైన అర్జునరావును పెళ్లి చేసుకుంది. జాషువా కూతురు హేమలత 1960లో ఆ ఇంటి కోడలై, తర్వాత నిజామాబాదు జోగినుల మధ్య పనిచేసింది. విజయవాడ నాస్తిక కేంద్రం గురించి చదివినప్పుడల్లా వాళ్ల వాదం కంటే ఆ ఇంట్లో ఎవరి పక్కన ఎవరు కూర్చుని తిన్నారన్నదే నాకు పట్టేది. కానీ విజయవాడ మాకు దూరం. దగ్గరున్నది జిడ్డు కృష్ణమూర్తి. పుట్టింది మదనపల్లెలో, ఆయన ఆలోచనతో మొదలైన రిషివ్యాలీ బడి మా మండలంలో. తనను గురువుగా నిలబెట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేశాడు. మోసేవాళ్లకు కొదవ లేనివాళ్లు సంఘం వద్దనగలరు.

కాగితాల గొడవ ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, తర్వాత చేర్చిన సిక్కులు, బౌద్ధులు తప్ప ఇంకెవరూ షెడ్యూల్డు కులాలవాళ్లు కారు. అందుకని సర్టిఫికెట్లో హిందువును, ఇంట్లో క్రైస్తవురాలిని, నాకు నేను ఏదీ కాదు. కుప్పం అవతల, తమిళనాడు తిరుపత్తూరులో స్నేహ అనే న్యాయవాది 2019లో కులం, మతం లేవని సర్టిఫికెట్ తెచ్చుకున్నప్పుడు సంతోషించాను. నేను మాత్రం తెచ్చుకోను. నా కాగితంలోంచి మాల అన్న మాట తీసేస్తే పోయేది రిజర్వేషన్ ఒక్కటే. మాలపల్లె అక్కడే ఉంటుంది.

2021 జనవరిలో మదనపల్లెలో ఇద్దరు ఆడపిల్లలు సొంత ఇంట్లో చనిపోయారు. మళ్లీ బతికొస్తారన్న నమ్మకంతో తల్లిదండ్రులే చంపారని పోలీసులు కేసు పెట్టారు. ఆ తల్లిదండ్రులిద్దరూ పాఠాలు చెప్పేవాళ్లే. ఆ వారం మా స్టాఫ్ రూములో ఎవరూ నోరు విప్పలేదు. తోటి టీచరొకామె నాతో బస్టాండు దాకా నడిచి, "అక్కా, భయమేస్తా ఉంది. మా ఇంట్లోనూ తాయెత్తులు మొదలైనాయి" అనింది. నీరుగట్టువారిపల్లెలో ఒక రిటైరైన నర్సు ఇంట్లో నెలకోసారి కూర్చోవడం అట్లా మొదలైంది. ఐదుగురం. అందరూ నాస్తికులు కారు. ఒకామె నమాజు చేసుకుని వస్తుంది. ఒకరికి కష్టమొస్తే మిగతా నలుగురూ వెళ్లాలి, అదొక్కటే నియమం. చదవడం తర్వాత మొదలైంది. సికివు హచిన్సన్ 2011లో రాసిన 'మోరల్ కాంబాట్' గురించి ఒక మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నాం. అమెరికాలో నల్లవాళ్లకు ఎవరూ లేనిచోట చర్చి ఉండిందనీ, దాన్ని మోసింది ఎక్కువగా ఆడవాళ్లేననీ, తెల్లవాళ్ల నాస్తికోద్యమానికి అది కనిపించదనీ ఆమె అంటుంది. నర్సమ్మ విని, "ఈమె కురబలకోట ఎప్పుడొచ్చింది?" అనింది.

పోయిన క్రిస్మస్‌కు అమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు పెద్దమ్మ మళ్లీ అడిగింది. మాకూ ఒక సంఘముందని చెప్పాను.

"ఎంతమంది?"

"ఐదుగురం."

"నిన్ను తీసేస్తే నలుగురు. సరిపోతార్లే మే," అని చెనక్కాయల చేట ముందుకు లాక్కుంది.

మాలో ఇద్దరికి మోకాళ్ల నొప్పులు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.