పడ్డ పిన్నులు లేస్తుంటే

జెర ఇటు రాండ్రి. గోడకు అటువైపే నిలబడి వినుండ్రి, తొందరేం లేదు. మీ ఇంట్ల పిల్లల బ్లాకుల డబ్బా ఉన్నదా? లేదనకుండ్రి. నిజామాబాద్‌ల, ఆర్మూర్‌ల, బోధన్‌ల ఏ గల్లిల చూసినా దుబాయ్‌కో మస్కట్‌కో పోయినోళ్ళు ఒక్కరన్న ఉంటరు. వాళ్ళు సెలవు మీద వచ్చేటప్పుడు తెచ్చే అట్టపెట్టెల కంబలి ఉంటది, అత్తరు సీస ఉంటది, బాదం పిస్తాలుంటయి, కింద మూలకు ఓ లెగో డబ్బా ఉంటది. మొదటి దినం పిలగాడు బొమ్మల పుస్తకం చూసి కారు చేస్తడు. రెండో దినం విప్పుతడు. మూడో దినం ఓ ముక్క మీ అరికాల్ల దిగుతది, మీరు లొల్లి చేస్తరు, డబ్బా సజ్జ ఎక్కుతది. అవునా, కాదా?

గా డబ్బా దించుండ్రి. ఇయ్యాల మనం బౌలింగు మిషను కడదాం.

క్రికెట్ బౌలింగు గాదు. హైదరాబాద్ మాల్‌లల్ల నున్నటి చెక్క బాట మీద బరువు గుండు దొర్లిచ్చి, ఆ చివర నిలబడ్డ పది పిన్నులను పడగొడుతరు సూడుండ్రి, గది. గా ఆటనే చిన్నగ, మోటరు పెట్టి, పడ్డ పిన్నులను మిషనే నిలబెట్టేటట్టు చేద్దాం. ఎందుకని అడిగినోళ్ళకు చాయ లేదు.

అసలు మజా ఎక్కడుందో చెప్త. పిన్నులు పడుడుల లేదు. పడగొట్టుడు రెండేండ్ల పోరనికి గూడ వస్తది. పడ్డ పది పిన్నులు ఒక్కసారిగ లేచి, గాలిల జెర ఊగి, మళ్ళ ఎవరి జాగల వాళ్ళు వచ్చి నిలబడ్డట్టు నిలబడుతయి. అక్కడుంది మజా! మా ఇంటికి చూడ వచ్చినోళ్ళు గుండు వేసినంక ఎన్ని పడ్డయని అడగరు. "ఇగ లేపు, ఇగ లేపు" అంటరు.

అమెరికాల ఎన్కట గీ పని పిలగాండ్లు చేసేటోళ్ళు. బాట చివర చాటుకు కూసోవాలె, గుండు తగిలినంక దుంకాలె, పిన్నులేరి నిలబెట్టాలె, గుండును వెనక్కి పంపాలె. గాట్‌ఫ్రీడ్ ష్మిట్ అనేటాయన ఆ పనికి మిషను కనిపెడితే, ఏఎంఎఫ్ కంపెనీ తీసుకొని 1946ల బఫెలో పట్నంల మందికి చూపెట్టింది. 1952 నుంచి బౌలింగు హాళ్ళల్లకు వచ్చినయి. వాటి లోపలికి తొంగి చూస్తే తల తిరుగుతది. బెల్టులు, పిన్నులను ఎత్తే పెద్ద చక్రం, పంచి పెట్టే తొట్లు! మనకు గంత వద్దు. ఇంకో దారి ఉన్నది. ఒక్కో పిన్ను నెత్తికి ఒక్కో దారం. గుంజితే లేస్తది, వదిలితే దిగుతది. అంతే! గీ దారం పద్ధతిని 2023ల అమెరికా బౌలింగు సంఘం గూడ ఒక వేరే తీరు ఆటగ ఒప్పుకున్నది. కాబట్టి దారం కట్టుడు తొండాట అని ఎవరన్న అంటే నా పేరు చెప్పుండ్రి.

ఇగ లెక్క. లెగో ఇటుక గొప్పతనమంత కొలతలనే ఉన్నది. డెన్మార్క్‌ల బిల్లుండ్ అనే ఊరోళ్ళు 1958ల ఈ ఇటుకకు పేటెంటు పెట్టిండ్రు. గప్పటి ముక్క మీద మొన్న దుబాయ్ నుంచి వచ్చిన ముక్క టక్కున కూసుంటది. బొడిపె నుంచి బొడిపెకు 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6. రెండు బొడిపెల వెడల్పుండే గుండ్రటి ఇటుకలు మూడింటిని ఒకదాని మీద ఒకటి పెట్టుండ్రి. 28.8 మిల్లీమీటర్లు. అసలు పిన్ను ఎత్తు 38 సెంటీమీటర్లు. అంటే మనది పదమూడో వంతు.

ఆగుండ్రి, పోకుండ్రి, తమాషా ఇప్పుడే మొదలయింది. అసలు ఆటల పిన్నుకు పిన్నుకు నడుమ 12 అంగుళాలు. పదమూడుతోని భాగిస్తే 23 మిల్లీమీటర్ల చిల్లర. మన మూడు బొడిపెలు ఎంత? 24! అసలు గుండు అడ్డం ఎనిమిదిన్నర అంగుళాలు. పదమూడో వంతు పదహారున్నర మిల్లీమీటర్లు. మన పిల్లలాడే గోలి ఎంత? పదహారు! గీ లెక్క తేలిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అసలు బాట 60 అడుగులు గాబట్టి మనకు నాలుగున్నర అడుగులు రావాలె. అంత జాగ ఉంటే గచ్చు మీద పరుచుకోండ్రి. లేకుంటే రెండడుగులు చాలు, ఎవ్వరు కొలవరు.

గాజు గోలితోని ఒక్క చిక్కున్నది. తేలిక. పిన్నుకు తగిలి ఆగిపోతది. పిన్ను గూడ పడకుండ పక్కకు జరిగి నిలబడుతది, ఇద్దరు మొహాలు చూసుకుంటరు. మెకానిక్ షెడ్డుకు పోయి, పాత బేరింగుల నుంచి గదే సైజు ఉక్కు గోలి అడుక్కోండ్రి. గాజు కన్న మూడింతల బరువు. అసలు ఆటల గూడ ఇదే రహస్యం. పిన్ను కిలోన్నర ఉంటే గుండు 7 కిలోల దాకా ఉంటది. ఉక్కు గోలి చేతిల పడ్డంక చూడుండ్రి, ఆ చప్పుడే వేరు!

దారం ఎక్కియ్యుడు ఓపిక పని. గుండ్రటి ఇటుక నడుమ బొక్క ఉంటది, మన కోసమే పెట్టినట్టు. దారం పై నుంచి దించి, కింద ముడి వేసి, పైన పలక బొక్కల నుంచి తీసి, పది దారాలను ఒక్క రింగుల కలిపి చుట్టే చక్రానికి కట్టాలె. వెనక వరుస నాలుగు, దాని ముందు మూడు, రెండు, ఒకటి. వరుసకు వరుస ఒకటిన్నర బొడిపె జరగాలె. ఆ సగం కోసం నడుమ ఒకటే బొడిపె ఉండే చిన్న పలక వెతుక్కోండ్రి. పది దారాలు ఒక్క తీరు వదులు ఉండాలె. ఒక్కటి బిగుసుకున్నా ఆ పిన్ను పడనే పడది, కొత్త అల్లుని లెక్క బిర్రుగ నిలబడుతది. పై పలక కింద ప్రతి బొక్క చుట్టు చిన్న కంచె కట్టుండ్రి. పిన్ను తల అండ్ల కూసుంటే ఊగుడు ఆగుతది, సీదా దిగుతది.

ఏం దారం వాడాలె? మంచిగ అడిగిండ్రు. నైలాన్ చుట్టలు తిరుగుతది. ఉత్త పత్తి దారానికి పోగులు లేస్తయి. సంక్రాంతికి మిగిలిన మాంజా అసలే వద్దు, ప్లాస్టిక్‌ను కోస్తది, మీ వేలును గూడ కోస్తది. చెప్పులు కుట్టే మైనం దారం తెచ్చుకోండ్రి.

కారు డబ్బాల మోటరు రాదు, వేరే కొనాలె. మధ్య సైజు లెగో మోటరు 9 వోల్టుల మీద నిమిషానికి దగ్గర దగ్గర 400 చుట్లు తిరుగుతది. చుట్టే చక్రాన్ని సీదా దానికే తగిలిస్తిరా, పిన్నులు ఎగిరి పలకకు టపటప కొట్టుకుంటయి, పది దారాలు జడ అల్లుకుంటయి. ఇగ విప్పుకుంట కూసోవాలె.

వేగం తగ్గియ్యాలె. బోధన్ దిక్కోళ్ళకు గిది నేను చెప్పాల్నా! మంజీర మీద 1931 నాటికి నిజాంసాగర్ కట్టుడయింది. కాల్వల నీళ్ళొచ్చినయి, నీళ్ళెంబడి చెరుకొచ్చింది, చెరుకెంబడి 1937ల శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. 2015ల మూతపడ్డది. అండ్ల పని చేసిన ఫిట్టర్ తాతలను ఎవరినన్న కదిలియ్యుండ్రి, గేర్ల ముచ్చట పొద్దుమీకేదాక చెప్తరు. చెక్కెర మిల్లుల చెరుకు పిండే రోలర్లు నిమిషానికి నాలుగైదు చుట్లే తిరుగుతయి. తొందర పడితే రసం కారేటందుకు యాళ్ళ ఉండది, పిప్పిలనే పోతది. గా రోలర్లను తిప్పే ఆవిరి టర్బైను మాత్రం వేల చుట్లు తిరుగుతది. నడుమ గేర్లే గేర్లు! వేగం ఇచ్చి బలం కొనుక్కునుడు. మన టేబుల్ మీద జరిగే బేరం గూడ గదే.

మనకు వామ్ గేరు ఒక్కటి చాలు. స్క్రూ మరలున్న చిన్న ముక్క. దానికి 24 పండ్ల గేరు తగిలిస్తే, మోటరు 24 చుట్లు తిరిగితే గేరు ఒక్క చుట్టు. 400 చుట్లు పదిహేడుకు దిగుతయి. చుట్టే చక్రం అడ్డం 16 మిల్లీమీటర్లుంటే ఒక్క చుట్టుకు 5 సెంటీమీటర్ల దారం. పిన్నులు పైకి చేరేటందుకు మూడున్నర, నాలుగు సెకండ్లు. దర్జాగ లేస్తయి! ఇంకో సుగుణం, వామ్ గేరును బరువు వెనక్కి తిప్పలేదు. మోటరు బందు చేసినా పిన్నులు గాలిల ఉన్నకాడనే ఉంటయి. లెగోల 24 పండ్ల క్లచ్ గేరు ఒకటున్నది, దొరికితే అదే పెట్టుండ్రి. దారం ఎక్కడన్న ఇరుక్కుంటే అది జారి ఊరుకుంటది, దారం తెగది, మోటరు కాలది.

ఇగ కరెంటు. ఆరు పెన్సిల్ సెల్లులు వేస్తే 9 వోల్టులు. చార్జింగ్ సెల్లులు ఒక్కోటి 1.2 గాబట్టి మొత్తం 7.2 అయితయి, పిన్నులు ఇంకింత నిదానంగ లేస్తయి. నాకైతే గా నడకే ఇష్టం. చెక్కెర మిల్లుకు ఈ బాధ లేదు. పిండిన పిప్పినే బాయిలర్ల కాల్చి ఆవిరి చేసుకుంటది, తన కూడు తనే వండుకుంటది. మనకు గా యోగం లేదాయె. పాత రేడియో ఎలిమినేటరు ఇంట్ల ఉంటే పనికొస్తది గని, ఒక్క మాట. పాత వాటి మీద 9 అని రాసున్నా, బరువు లేనప్పుడు 12 దాకా చూపెట్టేటివి ఉంటయి. మల్టీమీటరు పెట్టి చూసినంకనే తగిలియ్యుండ్రి.

గోలి వెనక్కి ఎట్ల రావాలె? మళ్ళ మిల్లుకాడికే పోదాం. చెరుకును రోలర్ల దాకా ఎత్తుకపోయే కేన్ క్యారియర్ యాదికున్నదా? గొలుసు మీద పలకలు, ఏటవాలుగ పైకి. లెగో గొలుసు కొండీలకు చిన్న పలకలు తగిలిచ్చి పిన్నుల వెనక గుంతల దించుండ్రి. రెండో మోటరు, 8 పండ్ల గేరుకు 24 పండ్లది, అట్ల రెండు జతలు. తొమ్మిదింతలు నిదానం. గోలి పలక మీద కూసోని పైకెక్కి, పక్క కాల్వలకు దొర్లి మీ చేతికే వస్తది.

విసిరేటందుకు చెయ్యి వద్దు. చిన్న జారుబండ కట్టి, తిరిగే చక్రం అంచుకు కడ్డీతోని కలపుండ్రి. ఎడమకు, కుడికి, ఎడమకు, కుడికి ఊగుతనే ఉంటది. మీరు సరిగ్గ సమయం చూసి గోలిని వదిలే మీట నొక్కాలె. గిండ్ల పిలగాండ్ల కన్న ఆడోళ్ళే గెలుస్తరు. బతుకమ్మ చప్పట్లకు అలవాటు పడ్డ చేతులాయె, తాళం తప్పుతయా?

ఆట మొదలయినంక కొట్లాట గూడ మొదలయితది, ముందే చెప్తున్న. ప్రతిసారి ఒక్క గుండుకే అన్ని పిన్నులు పడగొడితే 300 పాయింట్లు, దానికి వరుసగ పన్నెండు స్ట్రైకులు కావాలె. గది సరే. పక్క పిన్ను పడుకుంట దాని దారం తగిలి ఇంకో పిన్ను పడితే లెక్కకొస్తదా, రాదా? మా ఇంట్ల పెద్దోళ్ళు రాదంటరు, పిల్లలు వస్తదంటరు. నేను పిల్లల దిక్కున్న. మీ ఓటు ఎటు? చెప్పి పోండ్రి, అటు ఇటు సమానంగ ఉన్నది పంచాయితి.