లంబసింగి చలిలో మా బండి కరెంటు

మా అత్తయ్యగారికి డెబ్బై ఏండ్లు దాటాయి. ఆమె చిన్నతనం పాడేరు అవతల, హుకుంపేట వైపు ఒక పల్లెలో గడిచింది. తండ్రి అక్కడ బడిపంతులు. "కన్ను మూసేలోగా ఆ ఊరు ఒక్కసారి చూపించు బాబూ" అని ఆమె మమ్మును ఎన్నోసార్లు అడిగారు. అయితే ఆమెకు రెండు పూటలా ఇన్సులిన్ కావాలి, మోకాళ్ళు వంగవు, బయటి తిండి పడదు. కొండల్లో పది దినాలు లాడ్జీలను నమ్ముకొని తిరగడం జరిగే పని కాదు. గనుక పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, సీట్లు తీయించి, రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్ పెట్టించాము. ఇలా మార్చదలచినవారు ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకొని, ఆర్.సి.లో నమోదు చేయించుకోవాలి. తరువాత చూద్దాం అనుకుంటే దారిలో ఆపినప్పుడు జవాబు ఉండదు.

ఇక కరెంటు మాట. సోలార్ అనగానే అందరూ "ఎన్ని వాట్ల ప్యానెలు?" అని అడుగుతారు. అది రెండవ ప్రశ్న. మనకు దినానికి ఎంత కావాలి అనేది మొదటిది. మా లెక్క ఇది: ఫ్రిజ్ 45 వాట్లు, కాని ఎల్లవేళలా నడవదు, అన్నీ కలిపి దినానికి 8 గంటలనుకుంటే 360 వాట్-గంటలు. ఎల్.ఇ.డి. దీపాలు 90. మైదానంలో ఉన్న రాత్రుల్లో ఫ్యాను 160. ఫోన్లకు 30. మొత్తం 640. పైకప్పు మీద పరచిన 200 వాట్ల ప్యానెలు మన ప్రాంతంలో మంచి ఎండకాసే రోజున, నష్టాలన్నీ పోగా, 600 అటూ ఇటూగా ఇస్తుంది. మిగిలిన కొరత బండి నడిచేటప్పుడు ఇంజను తీర్చాలి. మబ్బు పట్టిన దినానికి నిలువ ఉండాలి గనుక 150 ఆంపియర్-గంటల సీల్డ్ బ్యాటరీ పెట్టాము. ఈ రకం బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. లిథియం రకమైతే దాదాపు అంతా వాడుకోవచ్చు, బరువూ తక్కువ. అయితే సున్నా డిగ్రీల కిందికి పోయే చలిలో దానికి చార్జింగు పెట్టరాదు, ధర కూడా ఎక్కువ. ఇంట్లో ఇన్వర్టరుకు వాడే నీళ్ళు పోసే బ్యాటరీ మాత్రం మనుషులు పడుకునే బండిలో వద్దు. చార్జింగులో మండే గ్యాసు వస్తుంది, ఘాట్ మలుపుల్లో యాసిడ్ ఒలుకుతుంది.

మా ఇంటావిడ మిక్సీ కావాలన్నారు. 500 వాట్ల మిక్సీకి 12 వోల్టుల బ్యాటరీ నుండి 45 ఆంపియర్లకు పైగా లాగుతుంది. వినడానికి భయంగా ఉంటుంది గాని పచ్చడికి అయిదు నిమిషాలే కదా, మొత్తం మీద అయ్యే ఖర్చు స్వల్పం. దానికి తగిన ఇన్వర్టరు, లావు వైర్లు ఉంటే చాలు. ఈ విషయంలో ఆమె లెక్కే సరియైనది, మేము అనవసరంగా వాదించాము. కరెంటు పొయ్యి ఊసు మాత్రం ఎవరూ ఎత్తవద్దు.

వైరింగు మా పట్టణంలోనే ఒక దుకాణంలో చేయించాము. "ఈ వైరు సరిపోతుందా?" అంటే "సరిపోతుందిలెండి అయ్యగారూ" అన్నారు. నాలుగు దినాలు పగటిపూట ఇంటి ముందు నడిపి చూశాము. ఫ్రిజ్ చక్కగా చల్లబడింది.

2023 డిసెంబరులో తుని, నర్సీపట్నం మీదుగా బయలుదేరాము. నర్సీపట్నం దాటి ఘాటెక్కుతుంటే గాలి మారిపోతుంది. సాయంత్రానికి లంబసింగి చేరి, రోడ్డు పక్కన సిల్వర్ ఓకు చెట్ల కింద బండి నిలిపాము. ఆ చెట్లు ఏజెన్సీ కాఫీ తోటలకు నీడనిచ్చేవి, వాటికి మిరియాల తీగెలు అల్లుకొని ఉంటాయి. చలికి దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నాము. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి చూస్తే ఫ్రిజ్ మాట్లాడడం లేదు. దాని ఎర్ర దీపం మెరిసి మెరిసి ఆగుతోంది. బ్యాటరీలో బలం చాలదని దాని అర్థం.

ఫ్రిజ్‌లో అత్తయ్యగారి కొత్త ఇన్సులిన్ సీసాలు నాలుగున్నాయి. తెరవని సీసా 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టిందంటే ఇక పారవేయవలసిందే. ఆమె లేచి కూర్చొని, "వెనక్కి పోదామా బాబూ?" అన్నారు. మా నోట మాట రాలేదు. కాసేపటికి ఆమే కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టి, "బయట ఇంత చలిగా ఉంటే మందు ఎందుకు చెడుతుంది?" అని నవ్వారు. నిజమే. సీసాలను బట్టలో చుట్టి, అద్దానికి తగలకుండా తలుపు పక్కన చల్లటి చోట ఉంచాము. అదే మే నెలలో గోదావరి ఒడ్డున జరిగి ఉంటే తడిపిన మట్టికుండలో పెట్టి, తెల్లవారగానే మందుల షాపుకు పరుగెత్తవలసి వచ్చేది.

తెల్లవారి తొమ్మిదింటి దాకా మంచు విడలేదు. విడిన తరువాత చూస్తే ప్యానెలు నుండి వచ్చేది ఒక్క ఆంపియరు. తప్పు మాదే. ప్యానెలులోని గడులు గొలుసువలె కలిపి ఉంటాయి గనుక ఒక కొమ్మ నీడ అడ్డంగా పడినా మూడో వంతో, అంతకు మించో పోతుంది. మనిషికి హాయిగా ఉండే నీడ ప్యానెలుకు పనికిరాదు. తాజంగి జలాశయం వైపు వెళ్ళి ఆరుబయట నిలిపితే మధ్యాహ్నానికి 8 ఆంపియర్లు వచ్చాయి. సంతోషించాము. అయినా ఆ రాత్రి మరల రెండింటికే ఫ్రిజ్ ఆగింది!

అప్పుడు మీటరు తీసి చూశాము. బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు. ఫ్రిజ్ ప్లగ్గు దగ్గరా 12.3. అంటే సగానికి పైగా బలం ఉంది, వైరూ బాగానే ఉంది, ఫ్రిజ్ చెడిపోయిందో, ప్యానెలు చాలడం లేదో అనుకున్నాము. విశాఖపట్నం దిగి రెండో ప్యానెలు కొందామని, అటునుంచి అటే ఇంటికి పోదామని నిర్ణయించాము. అత్తయ్యగారు ఏమీ అనలేదు. అదే మమ్మును ఎక్కువ బాధించింది.

చింతపల్లి, జి.మాడుగుల దాటి పాడేరు వచ్చాము. టీ తాగేచోట ఆటో ఎలక్ట్రీషియన్ ఒకతను కనబడితే ఎందుకైనా మంచిదని చూపించాము. ఇరవై అయిదేండ్ల కుర్రవాడు. మా మీటరు లెక్క విని, "ఫ్రిజ్ ఆగినప్పుడు చూసుంటారండి. లాగుతున్నప్పుడు చూడాలండి" అన్నాడు. ఫ్రిజ్ ఆన్ చేసి, కంప్రెసరు అందుకునే క్షణాన ప్లగ్గు దగ్గర మీటరు పెట్టాడు. 10.5! బ్యాటరీ దగ్గర ఇంకా 12.2 ఉంది. మధ్యలో పోయినదంతా వైరులోనే.

పొలానికి నీళ్ళు పెట్టేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పైపు సన్నదైనా కుళాయి కట్టేసి ఉంటే ఒత్తిడి అంతటా సమానమే. తెరిచినప్పుడే చివర ధార పడిపోతుంది. మా బండిలో వెనుక బ్యాటరీ నుండి ముందు ఫ్రిజ్ దాకా 6 మీటర్లు, తిరిగి రావడానికి 6 మీటర్లు, వేసినది 1 చదరపు మిల్లీమీటరు వైరు. 5 ఆంపియర్లకే అందులో ఒక వోల్టు పోతుంది. పైగా ఫ్యూజు హోల్డరు పచ్చగా చిలుము పట్టి ఉంది, కొంత అక్కడ పోయింది. పగలు ఎండకు బ్యాటరీ 13.5 దాటి ఉంటుంది గనుక ఎంత పోయినా ఫ్రిజ్ ఓర్చుకుంది. ఇంటి ముందు మేము చేసిన పరీక్ష అంతా పగటిదే!

అతను 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి, కొత్త ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే బిగించాడు. ఫ్యూజు అక్కడే ఉండాలి. దూరాన ఉంటే బ్యాటరీకి దానికి మధ్య వైరు రాసుకొని అంటుకున్నా ఆపేది ఏదీ ఉండదు. పని చేసే ముందు ప్యానెలు వైరు తీసి, ఆ తరువాతే బ్యాటరీ వైరు తీశాడు. తిరిగి కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తరువాత ప్యానెలు. ఈ వరుస తప్పితే కంట్రోలరు కాలిపోవచ్చు. ఇప్పుడు కంప్రెసరు అందుకున్నా తేడా పావు వోల్టు కూడా లేదు. వైరుకు, ఫ్యూజుకు, అతని కూలికి కలిపి అయిన ఖర్చు కొత్త ప్యానెలు ధర ముందు ఎంతో స్వల్పం.

విశాఖ దారి విడిచి హుకుంపేట వైపు బండి తిప్పాము. పల్లెలో అత్తయ్యగారి నాన్నగారి బడి లేదు, ఆ స్థలంలో వేరే కట్టడం ఉంది. బావి ఉంది. ఆమెతో చిన్నప్పుడు ఆడుకున్న ఒక ముసలమ్మ ఉంది. ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకొని చీకటి పడేదాకా మా బండి మెట్టు మీద కూర్చున్నారు. మా ఇంటావిడ ముసలమ్మకు మిక్సీలో అల్లం పచ్చడి చేసి పెట్టారు. ఆ రాత్రి రెండింటికి అలవాటుకొద్దీ మెలకువ వచ్చింది. ఫ్రిజ్ నడుస్తోంది. అత్తయ్యగారు కూడా మేలుకొనే ఉన్నారు. "ఇంకో రెండు దినాలు ఉందామా బాబూ?" అన్నారు.