కాశీలో మనవాళ్ళు చూడకుండా వచ్చేసే చోటు

కాశీ ప్రయాణం అనగానే సలహాలు చెప్పేవాళ్ళకు కొదవుండదు. తొమ్మిది నిద్రలు చేసి తీరాలంటారు ఒకరు. కాలభైరవుణ్ణి చూడకుండా వస్తే యాత్ర ఫలం దక్కదంటారు ఇంకొకరు. కాశీతాళ్ళు ఎన్ని తేవాలో, గంగచెంబులు ఎన్ని తేవాలో ఇరుగుపొరుగు లెక్క చెబుతారు. ఏ కాయ వదలాలి, ఏ పండు వదలాలి అన్నది పెద్దవాళ్ళు చూసుకుంటారు. ఇక చీరల దుకాణాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ, భారత కళాభవన్ పేరు మాత్రం నాకు ఒక్కరూ చెప్పలేదు. అందుకే మీకు నేను చెబుతున్నాను.

మీలో కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు చాలామంది దాని దగ్గరదాకా వెళ్ళే ఉంటారు. యాత్రికులను తిప్పే ఆటోవాళ్ళు దుర్గాకుండం, తులసీ మానస మందిరం, సంకటమోచన హనుమంతుడి గుడి చూపించాక, లంక అనే పేటలో ఉన్న పెద్ద సింహద్వారంలోంచి హిందూ విశ్వవిద్యాలయం లోపలికి తీసుకెళతారు. (కాశీలో లంక ఏమిటో అని మా అక్కయ్య ఒకటే నవ్వు.) అక్కడ బిర్లా మందిరం అని కొత్త విశ్వనాథాలయం ఒకటి ఉంది. చల్లటి పాలరాతి నేల, తోపులాట లేని దర్శనం. అది చూపించి, అరగంట టైమిచ్చి వెనక్కి తిప్పేస్తారు. ఆ విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఉంది నేను చెప్పే మ్యూజియం.

ఆ ఆవరణ కూడా చిన్నదేమీ కాదండోయ్, 1300 ఎకరాలు. మదనమోహన మాలవ్యాగారు ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి 1916లో మొదలుపెట్టిన విద్యాలయం అది. మన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1939 నుంచి 1948 వరకు అక్కడ వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. రోడ్లకు రెండు పక్కలా పెద్ద పెద్ద చెట్లు. ఘాట్ల దగ్గరి రద్దీలోంచి ఇక్కడికి వస్తే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది.

మేం వెళ్ళింది విహారానికి కాదు. మా అత్తగారు పోయి ఏడాది అయింది. ఆవిడ పేరున గంగలో చెయ్యాల్సిన కార్యక్రమం కోసం నేనూ మావారూ, మా పెద్ద తోడికోడలూ బావగారూ వెళ్ళాం. ఆ పనులన్నీ అయ్యాక ఆఖరిరోజు గుళ్ళు తిరుగుతున్నాం. మా ఆటో అబ్బాయి గంటన్నరలో వస్తానని భోజనానికి వెళ్ళాడు. మగవాళ్ళిద్దరూ చెట్టు కింద కూర్చున్నారు. పక్కనే మ్యూజియం ఉందని ఎవరో చెబితే మేమిద్దరం ఈ-రిక్షా ఎక్కి వెళ్ళాం. అక్కయ్యకు మోకాళ్ళ నొప్పులు. "ఫ్యాన్ కింద కూర్చోవచ్చు కదా, పద" అందావిడ. అంత ఆసక్తి మాది!

ఈ కళాభవన్ వయసు నూరేళ్ళు దాటింది. 1920 జనవరి 1న భారతీయ కళాపరిషత్తు అన్న పేరుతో పుట్టింది. రవీంద్రనాథ్ టాగూర్ దానికి గౌరవాధ్యక్షులు. పుట్టించింది మాత్రం రాయ్ కృష్ణదాస్ అనే కాశీవాసి. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండలేదు. కలిగినవాళ్ళ బిడ్డ, హిందీలో రచయిత. పాత బొమ్మలు, విగ్రహాలు, బట్టలు పోగుచెయ్యడం ఆయనకు పిచ్చి. పాత కుటుంబాలు చితికిపోయి, తాతల నాటి సామాను అయినకాడికి అమ్ముకుంటున్న రోజులవి. దొరలు కొనుక్కుని ఓడలెక్కించి తీసుకుపోతున్నారు. ఆయన సొంత డబ్బు పెట్టి కొన్నాడు, తెలిసినవాళ్ళను అడిగాడు, చివరికి తను కూడబెట్టిందంతా సంస్థకే ఇచ్చేశాడు. అందరూ కాశీకి ఏదో ఒకటి వదులుకోవడానికి వెళతారు కదా! ఆయన కాశీలో కూర్చుని ఇతరులు వదిలేసినవి ఏరుకున్నాడు.

చాలా ఏళ్ళు ఆ సంస్థకు సొంత ఇల్లు లేదు. కొన్నాళ్ళు నాగరీ ప్రచారిణీ సభ పంచన ఉంది. 1950లో విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఆ ఏడే నెహ్రూగారు ఇప్పటి భవనానికి శంకుస్థాపన చేశారు. గృహప్రవేశం అయ్యేసరికి 1962 వచ్చింది. రాయ్ కృష్ణదాస్‌గారికి 1980లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆ ఏడాదే ఇంకో కాశీవాసికీ ఆ బిరుదు వచ్చింది, షెహనాయి బిస్మిల్లాఖాన్‌గారికి. కళాభవన్‌కు నూరేళ్ళు నిండింది 2020 జనవరిలో. మార్చికల్లా కరోనా వచ్చి దేశమంతా తలుపులు మూసుకుంది. ఏం పండగో పాపం!

లోపలికి వెళితే ముందు రాతి విగ్రహాలు. గోవర్ధనగిరి ఎత్తిన కృష్ణుడు కాశీలోనే దొరికాడట. గుప్తుల కాలం నాటివాడు, అంటే ఇంచుమించు పదిహేను వందల ఏళ్ళవాడు. నిలువెత్తు విగ్రహం. చెయ్యి పైకెత్తి కొండను పట్టుకున్నాడు గానీ ముఖంలో శ్రమ అన్నదే లేదు. ఆ కాలం నాటిదే ఇంకొకటి, నెమలి మీద కూర్చున్న కుమారస్వామి. వెనక విప్పుకున్న నెమలి పింఛమే ఆయనకు మకరతోరణం. మెళ్ళో పులిగోళ్ళ దండ. మన చంటిపిల్లలకు పులిగోరు కట్టినట్టే! అక్కయ్య అక్కడ చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది. కాపలా అతను ఏమీ అనలేదు. రోజూ చూస్తూనే ఉంటాడు కాబోలు.

తరవాత బొమ్మల గది. చిన్నచిన్న కాగితాల మీద మొగలాయిల కాలంవి, రాజస్థాన్‌వి, హిమాలయాల దగ్గరి కొండ రాజ్యాలవి. ఈ సంస్థ దగ్గర ఇలాంటివి పన్నెండు వేలకు పైగా ఉన్నాయట. ఉడుత తోక వెంట్రుకలతో చేసిన కుంచెలు, రాళ్ళు నూరిన రంగులు. కాగితాన్ని నున్నటి రాతితో రుద్ది రుద్ది మెరుగు పెడతారు. ముఖం దగ్గరగా పెట్టి చూస్తేగానీ పనితనం తెలీదు. ఒక్కో కనురెప్ప వెంట్రుక విడిగా కనబడుతుంది. నా కళ్ళజోడు హోటల్ గదిలో లేకుండా చేతిసంచిలోనే ఉండడం నా అదృష్టం.

ఇక బట్టల గది. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి.

మా ఇంట్లో ఒక చీర గొడవ ఉంది. 1968లో మా మామగారు తన తండ్రి కర్మకు కాశీ వెళ్ళినప్పుడు అత్తగారికి ఒక బనారసు చీర తెచ్చారు. ముదురు వంకాయరంగు, ఒంటినిండా జరీ బుటాలు, కొంగు మూలల్లో మామిడిపిందెలు. ఆవిడ కట్టుకోగా నేను చూసింది మూడుసార్లే. ఆవిడ పోయాక బీరువా తీస్తే మడతల దగ్గర పట్టు చిట్లి ఉంది. ముగ్గురు కోడళ్ళం. "మూడు ముక్కలు చేసి తలా ఒకటి తీసుకుందాం, జాకెట్లకో మనవరాలి పావడాకో పనికొస్తుంది" అంది అక్కయ్య. నాకు మనసొప్పలేదు. మా చిన్న తోడికోడలేమో, పాత పట్టుచీరలు కొంటామని వీధుల్లో కేకేసుకుంటూ వచ్చేవాడికి బేరం పెట్టింది. అతను చీర తూకం చూసి డబ్బిస్తాడు, తీసుకెళ్ళి కాల్చేస్తాడు. పట్టు బూడిదైపోయి జరీలో వెండి మిగులుతుంది. అతనికి కావలసింది ఆ వెండే. మంచి ధరే చెప్పాడు. ఏడాదిగా ముగ్గురం ఆ మాట ఎత్తకుండా తిరుగుతున్నాం. ఎత్తితే మాట పెరుగుతుందని భయం.

కళాభవన్ బట్టల గదిలో, గాజు వెనక, సన్నటి వెలుతురులో బనారసు నేత పరిచి ఉంది. కింఖాబులు, దుప్పట్లు, జరీ పూలు. నూరేళ్ళు దాటినవి కూడా ఉన్నాయి. కొన్ని అంచుల్లో చివికిపోయాయి. అయినా వాటినెవరూ ముక్కలు చెయ్యలేదు. ఉన్నవి ఉన్నట్టే, కింద గుడ్డ ఆసరా పెట్టి చూపిస్తున్నారు. కొంగు మూల మామిడిపిందె ఒకటి కనబడింది. అక్కయ్య దాని ముందు చాలాసేపు నిలబడింది. మోకాళ్ళ నొప్పి మాట కూడా ఎత్తలేదు. ఆఖరికి, "అత్తయ్య చీర దీనికంటే బాగుంటుందే" అంది. నేనేమీ అనలేదు. అనకపోవడమే మంచిదని నాకు ఇన్నేళ్ళ కాపురంలో తెలిసింది.

బయటికొచ్చాక తనే అంది, కొయ్యడం వద్దు, ఏడాదికొకరి బీరువాలో ఉంచుకుందామని. మూడో ఆవిడ ఒప్పుకోవాలి ఇంకా. జరీవాడు చెప్పిన ధర ఆవిడ మరిచిపోలేదు.

ఆ గదిలో వెలుతురు ఎందుకంత తక్కువ అని మీకూ అనిపిస్తుంది. మాకు మొదట కరెంటు పొదుపేమో అనిపించింది. సంగతేమిటంటే పట్టుకూ, కాగితం మీది రంగులకూ వెలుతురే శత్రువు. వెలిసిన రంగు మళ్ళీ రాదు, నీడలో ఎన్నాళ్ళు దాచినా రాదు. పడిన వెలుతురంతా లెక్కలో చేరుతూనే ఉంటుంది. అందుకని మ్యూజియాలలో ఇలాంటివాటి మీద 50 లక్స్ మించకుండా చూస్తారు. లక్స్ అంటే వెలుతురుకు కొలత. మన కిటికీ పక్కన పగటిపూట పడే వెలుతురు వేలల్లో ఉంటుంది. తక్కువ వెలుతురు పెట్టినా సరే, కొన్ని నెలలు చూపించి మళ్ళీ పెట్టెలో పెట్టి విశ్రాంతి ఇస్తారు. సంక్రాంతికి బొమ్మలకొలువు తీసి మళ్ళీ భోషాణంలో సర్దినట్టు అనుకోండి. కళాభవన్‌లో ఉన్న వస్తువులు లక్షకు పైమాటే. అన్నీ ఒకేసారి పెట్టడం కుదరదు, కుదిరినా పెట్టకూడదు. కాబట్టి మేము చూసిన బొమ్మలే మీకూ కనబడతాయని చెప్పలేను. కొత్త ప్రదర్శనంటే వాళ్ళకు ముచ్చట ఒక్కటే కాదు, పాతవాటి ప్రాణం కాపాడే పని కూడా.

మన బీరువాకు కూడా ఇందులోంచి కొంత తెచ్చుకోవచ్చు. పట్టుచీరను ప్లాస్టిక్ కవరులో ఉంచొద్దు. ఉతికిన పాత నూలు పంచెలో చుట్టండి. మూడు నెలలకోసారి తీసి, మడత మార్చి పెట్టండి. చీర చిట్లేది ఎప్పుడూ మడత దగ్గరే. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి, జరీ నల్లబడుతుంది. గాలికి ఆరెయ్యాలంటే నీడన ఆరెయ్యండి. బాగా బరువైన పాత చీరను హ్యాంగరుకు వేలాడదియ్యడం కంటే, అట్టగొట్టానికి నూలుగుడ్డ చుట్టి దానిమీద చాపలా చుట్టడం మేలు. మావారు బట్టలకొట్టునుంచి ఒక గొట్టం అడిగి తెచ్చారు, పైసా ఖర్చు లేదు.

మిగతా గదులు మేము పరుగున చూశాం. ఒకటి ఆలిస్ బోనర్ అనే స్విట్జర్లాండు ఆవిడ పేరు మీద ఉంది. శిల్పి, చిత్రకారిణి. 1936లో వచ్చి అస్సీఘాట్‌లో ఇల్లు తీసుకుని నలభై ఏళ్ళు పైగా అక్కడే ఉండిపోయింది. పద్మభూషణ్ కూడా ఇచ్చారు. పిల్లా జెల్లా లేని ఆవిడకు కాశీయే ఇల్లయింది. ఇంకొక గదిలో రష్యా చిత్రకారుడు నికొలాస్ రోరిక్ వేసిన హిమాలయాలు, నీలం మీద నీలం. ఆయన కోడలెవరో తెలుసా? మన వాల్తేరులో పుట్టిన సినిమా తార దేవికారాణి! నాకిది తెలిసి భలే సంతోషం వేసింది.

కాశీ నగరం గురించీ ఒక గది ఉంది. ప్రిన్సెప్ అనే దొర గీసిన ఘాట్ల బొమ్మలు చూస్తే ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తొచ్చారు. ఇంచుమించు ఆ కాలంలోనే, 1830లో, ఆయన మద్రాసునుంచి బయలుదేరి కాశీయాత్ర చేసి తెలుగులో రాసిపెట్టారు. ఆ దొర బొమ్మలు, మన వీరాస్వామయ్యగారి రాతలు పక్కపక్కన పెట్టి ఒక ప్రదర్శన చేస్తే ఎంత బాగుంటుంది! ఏ జనవరి 1కో పెడితే, మోకాళ్ళ నొప్పులున్నా సరే, అక్కయ్యను తీసుకుని మళ్ళీ రైలెక్కుతాను.

మీరు వెళ్ళేటట్టయితే ఒక మాట. అది విశ్వవిద్యాలయం వాళ్ళది కాబట్టి ఆదివారాలూ, వాళ్ళ సెలవు రోజుల్లోనూ మూసి ఉంటుంది. ప్రదర్శన ఏదైనా నడుస్తోందా, ఏ గదులు తెరిచి ఉన్నాయి అన్నది ముందే ఫోన్‌లో చూసి చెప్పమని పిల్లలనడగండి. టిక్కెట్టు కొనాలి, కెమెరాలూ సంచులూ బయట అప్పగించాలి. కళ్ళజోడు మాత్రం చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళండి. ఆటోవాడు బిర్లా మందిరం దగ్గర అరగంటే అంటే ఒప్పుకోవద్దు. రెండు గంటలు అని ముందే బేరమాడుకోండి.