దవడ మూసి చూడాలి

ఆస్టిన్ నుంచి పడమరగా రెండు గంటల పైచిలుకు ప్రయాణిస్తే జంక్షన్ అనే చిన్న ఊరు వస్తుంది. ఉత్తర లానో, దక్షిణ లానో ఏర్లు అక్కడే కలుస్తాయి. ఊరు దాటి దక్షిణ లానో స్టేట్ పార్కులోకి వెళ్తే ఏటి వెంట పీకాన్ చెట్ల నీడ, కింద సున్నపురాతి అడుగు కనిపించేంత తేట నీళ్లు. ఊటల మీద బతికే ఏరు ఇది.

గ్వాడలూప్ బాస్‌ను దాని దాయాదుల నుంచి వేరుగా గుర్తుపట్టడం నేర్చుకోవాలని వచ్చాను. 1989 నుంచి టెక్సాస్ రాష్ట్ర చేప ఇదే. మధ్య టెక్సాస్ నదుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా ఉండదు. కొర్రమీనునూ మట్టగిడసనూ చూపుతోనే విడదీసే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. ఇక్కడి బాస్‌లన్నీ మాత్రం మొదటి చూపుకు ఒకే తల్లి పిల్లల్లా కనిపిస్తాయి.

నాకు చూపించినాయన ఈ ఏటి చేపల మీద చాలాకాలంగా పనిచేస్తున్న శాస్త్రవేత్త. మోకాలి లోతు నీళ్లలోకి దింపి, వడి నీరూ నిలవ నీరూ కలిసే అంచున గాలం వేయమన్నారు. గ్వాడలూప్ బాస్ వడి ఓర్చుకుంటుంది, దాని దాయాది లార్జ్‌మౌత్ బాస్ మాత్రం నిలవ నీళ్లనే ఇష్టపడుతుంది. అంటే చేప చేతికి రాకముందే సగం ఆనవాలు నీళ్లే చెప్తాయన్నమాట.

మొదట పడింది జానెడుంది. చేతులు తడుపుకొని పట్టుకోమన్నారు, లేకపోతే ఒంటి మీది జిగురు పొర పోతుందట. తర్వాత నోరు మూయించారు. తెరిచిన నోట్లో ప్రతి బాస్ దవడా పొడుగ్గానే కనిపిస్తుంది. మూస్తే లార్జ్‌మౌత్ పైదవడ కంటి వెనక అంచును దాటిపోతుంది. దీనిది దాటలేదు. వీపు మీది ముందు, వెనక రెక్కల మధ్య లార్జ్‌మౌత్‌కు లోతైన గాటు ఉంటుంది, దీనికి రెండూ కలిసే ఉన్నాయి. నాలుక మధ్యలో వేలితో తడిమితే గరుకు మచ్చ తగిలింది. ఇది స్పాటెడ్ బాస్‌కూ ఉంటుంది కాబట్టి పక్కల మీది గుర్తులు చూడక తప్పదు. గ్వాడలూప్‌కు డైమండ్ ఆకారపు మచ్చలు పొట్ట వైపు బాగా కిందిదాకా దిగుతాయి, స్పాటెడ్‌కు అంత దిగవు. స్మాల్‌మౌత్‌కైతే నిలువు చారలు. ఒక్క గుర్తుతో తేల్చేయడం తొందరపాటే అని నాకు గట్టిగా అనిపించింది. బురద నీళ్లలో మచ్చలు వెలిసిపోతాయి కూడా.

ఈ పట్టింపు ఉబుసుపోకకు కాదు. టెక్సాస్‌లో సాధారణ నిబంధన ప్రకారం లార్జ్‌మౌత్, స్మాల్‌మౌత్‌లు 14 అంగుళాలైనా ఉంటేనే ఉంచుకోవాలి, గ్వాడలూప్‌కు, స్పాటెడ్‌కు ఆ కొలత లేదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. వేటగాళ్ల సరదా కోసం 1970లలో ఈ నదుల్లోకి బయటి స్మాల్‌మౌత్‌లను వదిలారు. అవి గ్వాడలూప్‌తో జతకట్టాయి. పుట్టిన సంకరాలు గొడ్డుబోలేదు, మళ్లీ పిల్లల్ని కన్నాయి. అలా కొన్నిచోట్ల అసలు జాతే కలిసిపోయి మాయమయ్యే పరిస్థితి వచ్చింది. 1990ల నుంచి కెర్‌విల్ దగ్గరి జాన్సన్ క్రీక్‌లో అసలు జాతి పిల్లలను పెంచి వదులుతూ సంకరాల పాలు తగ్గించుకుంటూ వచ్చారు. ఆ తర్వాత లానోలోనూ అదే పని. మేలు చేద్దామని చేసిన పనిని దిద్దడానికి దశాబ్దాలు పట్టింది. ఆ ఓపికకు దండం పెట్టాలి.

మధ్యాహ్నం దాటాక ఆయన గాలానికి ఒకటి పడింది. డైమండ్ మచ్చలున్నాయి, వాటి మీదుగా నిలువుగా పలచటి చారల్లాంటివీ ఉన్నాయి. నేను సంకరమే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. రూపం చూసి సంకరాన్ని నమ్మకంగా తేల్చలేమనీ, జన్యు పరీక్ష చేయాల్సిందేననీ చెప్పారు. రెక్క అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి ఆల్కహాల్ సీసాలో వేసి, చేపను వదిలేశారు. పుస్తకంలో పొడవు, చోటు రాసి, జాతి గడి ఖాళీగా ఉంచారు.